పక్కింటి కుక్క మీ కుక్కను కరిస్తే: వైద్యం ఖర్చు రాబట్టుకోవడం ఎలా

"మా కుక్కని పై ఫ్లోర్ వాళ్ల రాట్‌వైలర్ కరిచింది, పోలీస్ కేసు పెట్టొచ్చా?" అని చాలామంది అడుగుతారు. పెట్టొచ్చు. కానీ ఆ కేసు వల్ల మీ ఆసుపత్రి బిల్లు మీ చేతికి రావడం దాదాపు జరగదు. మన చట్టంలో ఇలాంటి గొడవ ప్రధానంగా డబ్బు తగాదా, అంటే సివిల్ వ్యవహారం. కరిచిన కుక్క యజమాని అజాగ్రత్త వల్ల మీకు నష్టం జరిగిందని చూపించి ఆ నష్టాన్ని అడగాలి. అందుకు కావలసిన కాగితాలు చాలావరకు మొదటి రెండు రోజుల్లోనే దొరుకుతాయి. ఆ తర్వాత వెతికితే దొరకవు. అందుకే అసలు పని అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు కుక్క, తర్వాత కేసు

రెండు కుక్కలు పట్టుకున్నప్పుడు మధ్యలో చెయ్యి పెట్టొద్దు. ఇలాంటి గొడవల్లో మనుషులు కరిపించుకునేది ఎక్కువగా అప్పుడే. బకెట్టు నీళ్లు కొట్టడం, దుప్పటి వెయ్యడం, మధ్యలో అట్టో కుర్చీయో అడ్డం పెట్టడం మేలు.

విడిపోయాక పైకి రెండు చిన్న పన్ను గాట్లే కనిపించినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పెద్ద కుక్క చిన్నదాన్ని నోట కరుచుకుని విదిలిస్తే, చర్మం మీద చిన్న చిల్లే ఉన్నా లోపల కండ చీలిపోయి ఉండొచ్చు. అది రెండో రోజు చీము పట్టాక గానీ బయటపడదు. కేసు పరంగానూ ఆలస్యం నష్టమే. "సంఘటన జరిగిన నాలుగు రోజుల తర్వాత చూపించారు, ఈ మధ్యలో ఇంకెక్కడో దెబ్బ తగిలి ఉండొచ్చు" అని అవతలి లాయరు అనడానికి మీరే అవకాశం ఇచ్చినట్టవుతుంది.

మీ కుక్కకు యాంటీ రేబిస్ టీకా వేయించి ఉన్నా, కాటు తర్వాత మళ్లీ డోసు కావాలేమో డాక్టర్‌ని అడగండి. కరిచిన కుక్క టీకా కార్డు ఫొటో తీసుకోండి, దాన్ని పది రోజుల పాటు గమనించమని వాళ్లకు చెప్పండి. విడదీసేటప్పుడు మీకు గాటు పడితే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధారగా పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు టీకా వేయించుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, మిగతా చోట్ల ప్రభుత్వాసుపత్రిలో అడగండి. ఈ ఓపీ చీటీ కూడా దాచాలి. మనిషికి కాటు పడిందంటే కేసు స్వరూపమే మారుతుంది. ఆ సంగతి కిందికి వస్తుంది.

ఆసుపత్రి నుంచి ఏ కాగితాలు తెచ్చుకోవాలి

బిల్లు ఒక్కటీ చాలదు. బిల్లులో "డ్రెస్సింగ్ – 1,200" అని ఉంటుంది, ఎందుకు చేశారో ఉండదు. కేసు షీటు గానీ డిశ్చార్జి సమ్మరీ గానీ అడిగి తీసుకోండి. అందులో కుక్క జాతి, వయసు, రంగు, ఆడా మగా, గాయం ఎక్కడ ఉంది, ఎంత పొడవు ఎంత లోతు, "కుక్క కాటు వల్ల అయిన గాయంలా ఉంది" అనే మాట, తేదీ, సమయం, డాక్టర్ సంతకం, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. చర్మం కింద మైక్రోచిప్ వేయించి ఉంటే ఆ పదిహేను అంకెల నంబరు కూడా రాయించండి. గాయపడ్డ కుక్క మీదేనని అంతకన్నా గట్టిగా చెప్పే ఆధారం లేదు.

గాయం ఫొటోలు కుట్లు వేయకముందు, వేశాక, ఆ తర్వాత వారానికోసారి తీయండి. పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెడితే సైజు తెలుస్తుంది. మందుల షాపు బిల్లులు, ఎక్స్‌రే, ఆసుపత్రికి వెళ్లిన ఆటో, క్యాబ్ రసీదులు, అన్నీ ఒక కవర్లో పెట్టండి. డబ్బు యూపీఐలో కడితే ఇంకా మంచిది, తేదీ దానంతటదే రికార్డవుతుంది.

ప్రాణం పోతే పూడ్చిపెట్టే తొందరలో ఒక ముఖ్యమైన పని మర్చిపోతారు. పోస్టుమార్టం చేయించండి. ప్రభుత్వ పశువైద్యాధికారి ఇచ్చిన పోస్టుమార్టం రిపోర్టుకు కోర్టులో ఉండే విలువ వేరు. అది లేకపోతే గుండె ఆగి చచ్చిపోయిందో, కాటుతో చచ్చిపోయిందో అనే వాదన తెగదు.

కెమెరా, సాక్షులు, పాత గొడవలు

చాలా అపార్ట్‌మెంట్లలో సీసీటీవీ రికార్డరు పాత దృశ్యాలను చెరిపేసి కొత్తవి రాసుకుంటూ పోతుంది. కొన్నిచోట్ల రెండు మూడు వారాలు కూడా ఉండవు. కాబట్టి అదే రోజు అసోసియేషన్ సెక్రటరీకి లిఖితపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లో, ఫలానా తేదీ ఫలానా టైము ఫుటేజీ చెరపొద్దని, కాపీ ఇవ్వమని అడగండి. తెరను ఫోన్‌తో వీడియో తీసుకోవడం ఏమీ లేనిదాని కన్నా నయం, అంతే. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలో అందరూ 65బీ సర్టిఫికెట్ అనేవాళ్లు, అదే ఇది. కాపీ తీసిచ్చిన వ్యక్తి పేరు, ఏ మెషీన్ నుంచి తీశాడు అనేవి అప్పుడే రాసిపెట్టుకుంటే తర్వాత ఆయన్ని వెతుక్కునే పని తప్పుతుంది.

సాక్షులుగా వాచ్‌మన్, లిఫ్టులో ఉన్నవాళ్లు, పాలబ్బాయి, ఎవరు చూస్తే వాళ్లు. పేరు, ఫోన్ నంబరు చాలు. వాచ్‌మన్ చేత కాగితాల మీద సంతకాలు పెట్టించడానికి మాత్రం ప్రయత్నించకండి. పాపం, ఆయన ఇద్దరి దగ్గరా పనిచేయాలి.

వీటన్నిటి కన్నా బలమైంది ఇంకొకటుంది. ఆ కుక్క ఇంతకుముందు ఎవరినైనా, దేన్నైనా కరిచిందా? ఆ సంగతి యజమానికి తెలుసా? అసోసియేషన్ గ్రూపులో ఆరు నెలల కింద ఎవరో పెట్టిన "బి బ్లాక్ కుక్క మళ్లీ మీద పడింది, దయచేసి లీష్ వేయండి" అనే మెసేజ్, దాని కింద యజమాని పెట్టిన "సారీ, చూసుకుంటాం" అనే జవాబు ఉన్నాయనుకోండి. మీ కేసు సగం అక్కడే ఉంది. స్క్రీన్‌షాట్ తీసి, గ్రూపు చాట్ కూడా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

చట్టం ఏమడుగుతుంది

పెంపుడు జంతువు చేసిన నష్టానికి యజమాని ఎంత కట్టాలో దేశమంతటికీ వర్తించేలా చెప్పే ప్రత్యేక చట్టం లేదు. బ్రిటిష్ కాలం నుంచి కోర్టులు అనుసరిస్తున్న టార్టు సూత్రాలే (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే సూత్రాలు) ఆధారం. అవి జంతువుల్ని రెండు రకాలుగా చూస్తాయి. పులి, కోతి లాంటి అడవి జంతువును ఉంచుకున్నవాడు అది చేసిన హానికి అజాగ్రత్త ఉన్నా లేకున్నా బాధ్యుడే. కుక్క, పిల్లి, ఆవు లాంటి సాధు జంతువుల విషయంలో రెండు దారులున్నాయి. మొదటిది, దానికి కరిచే గుణం ఉందని యజమానికి ముందే తెలుసని చూపించడం. ఆ పాత వాట్సాప్ మెసేజ్ ఇక్కడ పనికొస్తుంది. రెండోది మామూలు అజాగ్రత్త: లీష్ లేకుండా వదలడం, గేటు తీసి ఉంచడం, నలభై కేజీల కుక్కను పదేళ్ల పిల్లాడి చేతికిచ్చి కిందికి పంపడం. ఇది చూపించగలిగితే ఆ కుక్క అంతకుముందు ఎవరినీ కరవకపోయినా దావాకు ఆధారం ఉన్నట్టే.

"మా కుక్క ఇప్పటిదాకా ఎవర్నీ కరవలేదు" అన్నమాట విని వెనక్కి తగ్గకండి. అది మొదటి దారిని మూస్తుంది గానీ రెండోదాన్ని మూయదు.

కుక్క జాతిని పట్టుకుని వాదించడం వల్ల పెద్దగా ఒరిగేదీ లేదు. 23 జాతుల్ని ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ కేంద్రం 2024 మార్చి 12న ఒక సర్క్యులర్ ఇచ్చింది. దాన్ని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టేసింది. "పిట్‌బుల్ నిషేధం కదండీ" అని ఇంకా చాలామంది అంటుంటారు. మీ దావా ఆ మాట మీద నిలబడదు. ఆ రోజు ఆ కుక్క ఎవరి చేతిలో, ఎలా ఉందన్నదాని మీద నిలబడుతుంది.

మీ వైపు తప్పు కూడా లెక్కలోకొస్తుంది. మీ కుక్క కూడా లీష్ లేకుండా తిరుగుతుంటే, మీ పిల్లి గోడ దూకి వాళ్ల పెరట్లోకి వెళ్తే, నష్టపరిహారం తగ్గుతుంది, లేదా పూర్తిగా పోతుంది. కట్టేసిన కుక్క ముందుకు మీ పిల్లే వెళ్తే కుక్క యజమాని చేసిన తప్పేముంది?

పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలా?

వెళ్లండి, కానీ ఏమి ఆశించాలో తెలుసుకుని వెళ్లండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో 291వ సెక్షన్ (పాత 289) జంతువు విషయంలో అజాగ్రత్త గురించే. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఆ సెక్షన్ భాష చూడండి: మనిషి ప్రాణానికి, మనిషికి తీవ్ర గాయానికి ముప్పు కలగకుండా జాగ్రత్త తీసుకోకపోవడం. కుక్కను కుక్క కరవడం అన్న మాట అందులో లేదు. కానీ ఆ కుక్క విడదీయబోయిన మీ మీద పడితే, పక్కన పసిపిల్లలుంటే, మనిషికి ముప్పు ఉన్నట్టే. ఫిర్యాదులో ఆ సంగతి రాయాలి. చేతి మీద కాటుకు ఓపీ చీటీ దాచమన్నది ఇందుకే.

325వ సెక్షన్ జంతువును చంపడం, విషం పెట్టడం, వికలం చేయడం గురించి. ఐదేళ్ల వరకు జైలు. చూడ్డానికి భారీగా ఉంటుంది, కానీ దానికి నష్టం చేయాలనే ఉద్దేశమో, నష్టం జరుగుతుందని తెలిసి చేయడమో ఉండాలి. గేటు మూయడం మరచిపోవడం అందులోకి రాదు. "పట్టుకో" అని ఉసిగొల్పి కరిపిస్తే వస్తుంది.

జంతువుకు జరిగిన హానిని మనిషికి జరిగిన హానిలా చూపించి కేసు పెడితే ఏమవుతుందో ముంబైలో ఒక కేసు చెబుతుంది. 2020లో ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడి బండికి వీధికుక్క అడ్డొచ్చి చనిపోయింది. పోలీసులు ర్యాష్ డ్రైవింగ్‌తో పాటు మనుషులకు వర్తించే సెక్షన్లు కూడా పెట్టారు. బాంబే హైకోర్టు ఆ ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేస్తూ, యజమానులకు కుక్కా పిల్లీ బిడ్డల్లాంటివే అయినా ఆ సెక్షన్ల ప్రకారం అవి మనుషులు కావని చెప్పింది. ఆ కుర్రాడికి ఇరవై వేలు ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది కూడా. కోపంలో కనిపించిన సెక్షనల్లా రాయించడం మంచిది కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

జంతు హింస నిరోధక చట్టం, 1960 సంగతి కొంచెం విడ్డూరం. 11వ సెక్షన్ కింద మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్లు దాటినా అంకె మారలేదు. అయితే వినోదం కోసం జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం ఆ సెక్షన్ ప్రకారం నేరం. ఎవరైనా కావాలనే కుక్కల్ని కొట్లాటకు వదిలితే ఫిర్యాదులో ఆ సంగతి కూడా రాయండి.

క్రిమినల్ కేసు ఎంతకాలం పడుతుందో కూడా తెలుసుకోవాలి. ముంబైలో ఒక రాట్‌వైలర్ పెద్దమనిషిని కరిచిన ఘటన 2010లో జరిగితే, దాని యజమానికి మేజిస్ట్రేట్ కోర్టు మూడు నెలల జైలు వేసింది 2023లో.

ఇంతకీ స్టేషన్‌కి ఎందుకెళ్లాలి? రికార్డు కోసం. ఒక పేజీ ఫిర్యాదు రాసి, రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకుని, జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే పుస్తకం) ఎంట్రీ నంబరు అడగండి. ఫిర్యాదులో సెక్షన్లు రాయడం మీ పని కాదు, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. ఎస్ఐ గారు ఇద్దర్నీ పిలిచి మాట్లాడిస్తే, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి.

ఇంకో మాట. కరుస్తున్న కుక్కను ఆ క్షణంలో కర్రతో కొట్టి మీదాన్ని కాపాడుకోవడం తప్పు కాదు. పెద్ద నష్టం తప్పించడానికి సద్బుద్ధితో చేసిన పనికి న్యాయ సంహిత 19వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మర్నాడు వెళ్లి దానికి విషం పెడితే మాత్రం ఐదేళ్ల సెక్షన్‌లోకి వచ్చేది మీరే.

మాట్లాడటం, రాసి అడగడం

మూడో రోజుకు కోపం కొంచెం తగ్గుతుంది, బిల్లు మొత్తం తెలుస్తుంది. అప్పుడు మాట్లాడండి. ఎదురుగా కూర్చుని మాట్లాడి, ఆ వెంటనే మెసేజ్ పెట్టండి. ఇలా:

"అన్నా, ఇందాక మాట్లాడుకున్నట్టు బిల్లులన్నీ పంపుతున్నాను. ఇప్పటిదాకా 18,400 అయింది. కుట్లు విప్పడానికి ఇంకో రెండు సార్లు వెళ్లాలి, డాక్టర్ గారు దాదాపు రెండు వేలు అవుతుందన్నారు. మీరు ఆదివారం లోపు పంపితే ఈ విషయం ఇంతటితో వదిలేద్దాం. మీ టైగర్ టీకా కార్డు ఫొటో కూడా పెట్టండి, డాక్టర్ అడుగుతున్నారు."

బెదిరింపు లేదు, వెటకారం లేదు, అంకె ఉంది, గడువు ఉంది. ఈ మెసేజ్ రేపు జడ్జి చదివినా మీకు సిగ్గు వేయదు. "సరే, చూద్దాం" అని వాళ్లు జవాబిస్తే అది కూడా సాక్ష్యమే.

డబ్బిస్తే ఒక కాగితం మీద రాసుకోండి: ఏ తేదీ ఘటన, ఎంత ఇచ్చారు, దీనితో ఈ ఘటనకు సంబంధించి ఇద్దరికీ బాకీలేమీ లేవు అని, ఇద్దరి సంతకాలు. చికిత్స పూర్తి కాకముందే అలా రాసివ్వకండి. నెల తర్వాత ఇంకో ఆపరేషన్ అంటే అడిగే హక్కు పోతుంది.

అసోసియేషన్‌కు కూడా ఫిర్యాదు ఇవ్వండి. వాళ్లు కుక్కను ఖాళీ చేయించలేరు. పెంపుడు కుక్కల్ని అసోసియేషన్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. కానీ మీటింగ్ మినిట్స్‌లో మీ ఫిర్యాదు ఎక్కితే, ఇకపై ఆ యజమాని "నాకు తెలియదు" అనలేడు.

లాయర్ నోటీసు

మెసేజ్‌కు జవాబు లేకపోతే లాయరు చేత నోటీసు పంపించండి. మీరే రాసి పంపినా తప్పు లేదు, కానీ లాయరు లెటర్‌హెడ్ చూడగానే చాలామంది ఫోన్ ఎత్తుతారు. అందులో ఉండాల్సినవి: ఘటన తేదీ, సమయం, స్థలం, వాళ్ల అజాగ్రత్త ఏమిటో ఒక్క వాక్యంలో, కుక్క గుణం వాళ్లకు ముందే తెలుసనడానికి ఆధారం, ఖర్చుల పట్టిక, 15 రోజుల గడువు, ఫుటేజీ వాళ్ల దగ్గరుంటే చెరపకుండా ఉంచాలనే మాట. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు అడిగి పంపండి.

ఎంత అడగాలి? డాక్టర్ ఫీజు, మందులు, పరీక్షలు, రవాణా, ఇంకా కావలసిన చికిత్సకు డాక్టర్ రాసిచ్చిన అంచనా. చనిపోతే దాని ధర, దానితో పాటు చనిపోయే ముందు చేయించిన వైద్యం. చట్టం దృష్టిలో పెంపుడు జంతువు ఇప్పటికీ చరాస్తే, అంటే టీవీ, బండి లాంటి కదిలే ఆస్తి. జల్లికట్టు కేసులో 2014 మే 7న సుప్రీంకోర్టు జంతువులకూ గౌరవంగా బతికే హక్కుందని గొప్పగా చెప్పింది గానీ, నష్టపరిహారం లెక్క దాంతో మారలేదు. అందుకే వీధి నుంచి తెచ్చి పెంచుకున్న దేశీ కుక్కకు నలభై వేల ఆపరేషన్ చేయిస్తే "కొన్న ధరే లేని కుక్కకు ఇంత ఖర్చా?" అనే వాదన వస్తుంది. ప్రాణమున్న దానికి సహేతుకమైన వైద్యం చేయించడం యజమాని బాధ్యత అన్నది దానికి జవాబు. పైన చెప్పిన 1960 చట్టం 3వ సెక్షన్ కూడా జంతువు బాగోగులు చూసే బాధ్యత యజమానిదేనంటుంది. మానసిక వేదనకు కూడా అడగొచ్చు, కానీ ఐదు లక్షలని రాస్తే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

అమెరికాలో ఉన్న మన వాళ్లకు ఇక్కడ ఒక్క మాట. కుక్క కాటుకు యజమాని తప్పనిసరిగా బాధ్యుడనే కాలిఫోర్నియా చట్టం మనుషుల్ని కరిస్తేనే వర్తిస్తుంది. కుక్కను కుక్క కరిస్తే అక్కడా అజాగ్రత్త చూపించాల్సిందే. కుక్క ధరను మించినా సహేతుకమైన వైద్యం ఖర్చు రాబట్టవచ్చని 2012లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. టెక్సస్ సుప్రీంకోర్టు మాత్రం 2013లో మమకారానికి వెలకట్టి పరిహారం ఇవ్వలేమంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్నవాళ్లకూ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్నవాళ్లకూ సలహా ఒకటి కాదన్నమాట.

లోక్ అదాలత్, ఆ తర్వాత కోర్టు

నోటీసుకూ కదలకపోతే నేరుగా దావా వేయకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ దాని మండల కమిటీకి గానీ దరఖాస్తు ఇవ్వండి. కేసు కోర్టుకు వెళ్లకముందే లోక్ అదాలత్‌లో పెట్టవచ్చు. కోర్టు ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరితే వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఉచితంగా లాయరును కూడా ఇస్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఇంకా కొన్ని వర్గాలకు ఆదాయంతో పనిలేదు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. వివరాలకు 15100కు ఫోన్ చేయండి. ఇరవై, ముప్పై వేల తగాదాకు నా ఓటు దీనికే. లోపం ఒక్కటే, అవతలివాళ్లు రాకపోతే, వచ్చి ఒప్పుకోకపోతే ఏమీ చేయలేరు.

అప్పుడు సివిల్ దావా. గడువు, ఘటన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. హాని జరిగిన చోటి కోర్టులోనైనా, ప్రతివాది ఉండే చోటి కోర్టులోనైనా వేయవచ్చు. సంక్రాంతికి భీమవరం వెళ్లినప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాల కుక్క మీ కుక్కను కరిస్తే, మీకు ఏది దగ్గరైతే అక్కడ వేసుకోవచ్చు. చిన్న మొత్తాలకు సాధారణంగా జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. అడిగే మొత్తం 25,000 దాటకపోతే రెండో అప్పీలు ఉండదు, అంటే గొడవ హైకోర్టు దాకా సాగే దారి చాలావరకు మూసుకుపోయినట్టే. లాయరు ఫీజు మీ బిల్లును మించేలా ఉంటే దావా వేయడం పౌరుషమే తప్ప లాభం కాదు. ముందు ఆ లెక్క వేసుకోండి.

హాస్టల్‌లో, డేకేర్‌లో జరిగితే

మీరు ఊరెళుతూ డబ్బు కట్టి వదిలిన చోట ఇంకో కుక్క కరిస్తే దారి వేరు, పైగా సులువు. అది సేవాలోపం. రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి చూడండి. "జంతువులకు ఏం జరిగినా మాది బాధ్యత కాదు" అని ఫారం మీద మీ చేత సంతకం పెట్టించుకున్నా, వాళ్ల సొంత అజాగ్రత్తను ఆ ఒక్క వాక్యం కడిగేయదు. పక్కింటివాళ్ల మీద మాత్రం ఈ దారి పనికిరాదు. వాళ్లు మీకు అమ్మిన సేవేమీ లేదు కదా.

ఊళ్లో మేకలు, కోళ్లు పోతే

పల్లెల్లో ఈ తగాదా రూపం వేరు. ఫలానావాళ్ల వేటకుక్క రాత్రి దొడ్లో పడి నాలుగు మేకల్ని చీల్చేసింది. పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకోవడమే మామూలు, తప్పేమీ లేదు. కానీ పంచాయితీకి ముందే మండల పశువైద్యాధికారిని పిలిచి పోస్టుమార్టం చేయించండి, సర్పంచ్ సమక్షంలో పంచనామా రాయించండి, చెవి ట్యాగులు దాచండి. బీమా ఉంటే ఆ కాగితాలు లేకుండా క్లెయిమ్ రాదు. గాయపడి బతికున్న వాటికి 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యం బండి వస్తుంది. ధర దగ్గరే పేచీ వస్తుంది కాబట్టి, అదే వారం సంతలో అదే వయసు మేక ఎంత పలికిందో ఇద్దరు వ్యాపారుల చేత రాయించుకోండి. కడుపుతో ఉన్న మేకైతే ఆ సంగతి పోస్టుమార్టం రిపోర్టులో రావాలి.

పశువులు పొలంలో పడితే బందెల దొడ్డికి తోలే 1871 నాటి చట్టం గుర్తుండి, "కుక్కనీ అలా కట్టేయొచ్చా?" అని అడుగుతారు. ఆ చట్టంలోని పశువుల జాబితాలో ఏనుగు, ఒంటె, గాడిద, పంది దాకా ఉన్నాయి. కుక్క లేదు.

కరిచింది వీధికుక్కైతే ఇందులో చాలాభాగం పనిచేయదు. రోజూ అన్నం పెట్టినంత మాత్రాన ఎవరూ దానికి యజమాని అయిపోరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు స్థానిక సంస్థ పని. పెంపుడు వాటికైతే ఆ బాధ్యత యజమానిదే. మున్సిపాలిటీకి రాసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కానీ మెడకు బెల్టు వేసి, రాత్రి ఇంట్లో పడుకోబెట్టి, టీకాలు వేయించి, కరిచిన రోజు మాత్రం "అది మాది కాదు, వీధిది" అంటే నడవదు. టీకా కార్డు మీద యజమాని పేరు ఎవరిదో చూడండి.

మీ కుక్కే కరిచినట్టయితే

ఇంతదాకా చదివినవాళ్లలో కొందరు అవతలి వైపు ఉండి ఉంటారు. ఆసుపత్రికి వాళ్లతో పాటు వెళ్లండి, టీకా కార్డు కాపీ ఇవ్వండి, మొదటి బిల్లు మీరే కట్టండి. ఆ డబ్బు రేపటి లాయరు ఫీజు కన్నా తక్కువే అవుతుంది. పెట్ ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ తీసి "థర్డ్ పార్టీ లయబిలిటీ" (మీ కుక్క ఇతరులకు చేసిన నష్టానికి బీమా) అనే మాట ఉందేమో చూడండి. ఉంటే డబ్బు ఒప్పుకునే ముందే బీమా కంపెనీకి చెప్పాలి. వాళ్లకు చెప్పకుండా మీరు కుదుర్చుకున్న రాజీకి వాళ్లు డబ్బు ఇవ్వమనొచ్చు. ఆ రోజు కుక్కను పట్టుకుంది మీరు జీతమిచ్చి పెట్టుకున్న పనివాడైనా, దావాలో పేరు మీదే ఉంటుంది.